సిస్టర్ ఫోన్ చేసింది

ఆఫీసులో పొద్దుటి మీటింగ్ నడుస్తుంటే ఫోన్ మోగింది. తెలియని నంబర్. లోన్ ఇస్తామనే వాళ్ళేమో అనుకుని కట్ చేశాను. మళ్ళీ మోగింది. బయటికొచ్చి విసుగ్గానే ఎత్తాను.

"తమ్ముడూ, నల్గొండ దవాఖాన నుంచి సిస్టర్‌ను మాట్లాడుతున్న. మీ నాయినను ఇంటికి పంపి పది రోజులాయె. ఎవలన్న నాడి పట్టి చూసిండ్రా?"

నాడా? గోళీలు వేసుకుంటున్నాడా అని అమ్మను అడిగాను. చేతి ఎక్సర్‌సైజులు చేస్తున్నాడా అని అడిగాను. ఇన్సూరెన్స్ వాళ్ళతో మూడుసార్లు మాట్లాడాను. నాడి గురించి మాత్రం ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

"లేదు సిస్టర్, ఎందుకు?" అన్నాను.

"ఎందుకో చెప్త. రెండు నిమిషాలు టైం ఉన్నదా?"

ఆ రెండు నిమిషాల మాటే ఈ వారం మీతో పంచుకుంటున్నాను.

ఆ నాలుగు గంటలు

మాది దేవరకొండ దగ్గర పల్లె. నాయినకు నాలుగెకరాల బత్తాయి తోట. పోయిన ఎండాకాలం ఓ పొద్దున చాయ్ తాగుతుంటే ఆయన చేతిలోంచి గ్లాసు జారిపోయింది. మూతి ఒక పక్కకు పోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది. అప్పుడు ఆరున్నర.

అమ్మ నాకు ఫోన్ చేసింది. ముందురాత్రి మా టీంలో రిలీజ్ ఉండి తెల్లవారేదాకా మేల్కొన్నాను, ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. తొమ్మిదిన్నరకు లేచి చూస్తే పదకొండు మిస్డ్ కాల్స్. ఈలోపు పక్కింటాయన "గాలి సోకింది, పసరు పోయిస్తే తగ్గుతది" అని నాయినను బండి మీద వేరే ఊరికి తీసుకుపోయాడు. నేను అరిచి, 108కి చెప్పి, వాళ్ళు నల్గొండ చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది.

స్కాన్‌లో తెలిసింది, మెదడులో రక్తనాళానికి గడ్డ అడ్డం పడిందని. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. కానీ అది మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. మాకు ఆ టైం దాటిపోయింది. పక్కింటాయనను తిట్టుకున్నాను గానీ, ఫోన్ సైలెంట్‌లో పెట్టింది ఆయన కాదు కదా.

అదృష్టం, దెబ్బ పెద్దది కాదు. ఐదో రోజుకు మాట చాలావరకు తిరిగొచ్చింది. కుడిచేయి పట్టు తప్ప నడక బాగానే ఉంది. ఈసీజీ తీశారు, నార్మల్. బీపీ గోళీ, కొలెస్ట్రాల్ గోళీ, ఆస్పిరిన్ రాసి, రెండు వారాలకు రమ్మని చీటీ ఇచ్చి పంపారు. నేను హైదరాబాద్ బస్సెక్కాను. మా భాషలో చెప్పాలంటే టికెట్ క్లోజ్ అయిపోయింది.

క్లోజ్ కాలేదని సిస్టర్ ఫోన్ చేసింది.

పది సెకన్ల ఫొటో

"మూడో రోజు రాత్రి నా డ్యూటీ. రెండు గంటలకు బీపీ చూస్తుంటే మీ నాయిన నాడి తప్పితప్పి కొట్టుకున్నది. ఈసీజీ మిషన్ తెచ్చేసరికి మంచిగైంది. చార్ట్‌ల రాసిన. తెల్లారి డ్యూటీ మారింది, పేషెంట్లు ఎక్కువున్నరు, ఆ లైన్ ఎవరి కంటా పడనట్టున్నది. నాకు మాత్రం మనసుల ఉండిపోయింది."

నేను అడిగాను, "మరి ఈసీజీ నార్మల్ అన్నరు కదా?"

"ఈసీజీ ఎంతసేపు తీస్తరు తమ్ముడూ? పది సెకన్లు. ఆ పది సెకన్లల్ల గుండె మంచిగుంటే నార్మలే వస్తది."

ఈ మాటతో నాకు బుర్ర వెలిగింది. రోజుకు 86,400 సెకన్లు. గుండె సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. అందులో మనం చూసింది పది సెకన్ల ఫొటో. రాత్రి రెండింటికి మాత్రమే వచ్చే బగ్‌ను పగలు పదింటికి లాగ్ చూసి "ఏం లేదు" అంటే మా మేనేజర్ ఊరుకుంటాడా?

సిస్టర్ అనుమానపడింది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బును. పేరు పెద్దదే గానీ సంగతి ఇంతే. గుండెలో పై గదులు దరువు ప్రకారం ముడుచుకోవాలి. అలా ముడుచుకోకుండా వణుకుతుంటాయి. దరువు తప్పిన డప్పులాగా నాడి ఒకసారి గబగబా, ఒకసారి ఆగి ఆగి కొట్టుకుంటుంది. పై గది సరిగ్గా ముడుచుకోకపోతే అక్కడ రక్తం నిలుస్తుంది. ముఖ్యంగా ఎడమ పైగదికి చెవి ఆకారంలో ఉండే చిన్న సంచిలో. నిలిచిన రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకు పోతే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవాళ్ళకు స్ట్రోక్ ముప్పు లేనివాళ్ళ కంటే దాదాపు ఐదు రెట్లు ఎక్కువ.

అసలు చిక్కు ఏమిటంటే, ఇది చాలామందిలో వచ్చిపోతుంటుంది. నొప్పి ఉండదు. మనిషికి తెలియనే తెలియదు. తెలిస్తే మాత్రం మందే మారిపోతుంది. ఇలాంటి గడ్డకు ఆస్పిరిన్ సరిపోదు, రక్తం గడ్డకట్టకుండా చేసే వేరే గోళీలు కావాలి. వాటితో స్ట్రోక్ ముప్పు మూడింట రెండు వంతుల దాకా తగ్గుతుంది. అంటే నాయినకు రెండో స్ట్రోక్ రావడమా, రాకపోవడమా అన్నది ఆ చార్ట్‌లోని ఒక లైన్ మీద ఆధారపడి ఉంది.

వైర్లు, చెమట, బత్తాయి తోట

రివ్యూకు వచ్చే రోజే హోల్టర్ పెట్టేలా డాక్టర్‌తో మాట్లాడి సిస్టరే ఏర్పాటు చేసింది. "మళ్ళొకసారి రమ్మంటే రారు మీవోళ్ళు. బస్సు కిరాయి, ఒక రోజు కూలి పోతది. అన్నీ ఒక్కరోజే పెట్టిన" అంది.

హోల్టర్ అంటే ఒంటికి కట్టుకుని తిరిగే ఈసీజీ. 1940ల చివర్లో అమెరికాలో నార్మన్ హోల్టర్ అనే ఆయన మొదటిది తయారుచేసినప్పుడు దాన్ని వీపున మోయాల్సి వచ్చేది, బరువు 38 కిలోల దాకా ఉండేది. ఇప్పుడది చేతిలో పట్టేంత డబ్బా. ఛాతీ మీద స్టిక్కర్లు, వాటికి వైర్లు, నడుముకు డబ్బా. ఇరవై నాలుగు గంటలు.

చెప్పడం తేలిక. మే నెలలో దేవరకొండ ఎండకు ఛాతీ మీద స్టిక్కర్ నిలవాలంటే ముందు వెంట్రుకలు గీయాలి, చర్మం తుడిచి ఆరబెట్టాలి, మీద టేప్ వేయాలి. స్నానం వద్దు. తల తిరిగినా, గుండె దడ అనిపించినా టైం రాసిపెట్టాలి. నాయినకు గడియారం చూసి రాయడం కష్టమని ఆ పని అమ్మకు అప్పగించింది సిస్టర్. సాయంత్రం ఫోన్ చేసి "స్టిక్కర్లు ఊడలేదు కదా పెద్దనాయినా? తోటకు పోవద్దన్న గదా?" అని అడిగింది. మావాడు అప్పటికే మోటర్ వేయడానికి తోటకు పోయి వచ్చాడు!

రిపోర్ట్ వచ్చింది. నార్మల్.

నాకైతే ప్రాణం లేచొచ్చింది. సిస్టర్ మాత్రం ఒప్పుకోలేదు. ఆమె పట్టు ఎంత సరైందో తర్వాత చదివితే తెలిసింది. 2014లో కెనడాలో ఒక అధ్యయనం వచ్చింది. కారణం దొరకని స్ట్రోక్ వచ్చిన 572 మందిలో సగం మందికి మళ్ళీ ఒక రోజు హోల్టర్ పెట్టారు, సగం మందికి ముప్పై రోజుల పాటు బెల్ట్ కట్టారు. ఒక రోజు చూసినవాళ్ళలో ఈ జబ్బు దొరికింది 3.2 శాతం మందిలో. ముప్పై రోజులు చూసినవాళ్ళలో 16.1 శాతం మందిలో. ఎంత ఎక్కువసేపు చూస్తే అంత ఎక్కువ దొరుకుతుంది.

ముప్పై రోజుల బెల్ట్ మాకు నల్గొండలో ఎక్కడిది? నా స్మార్ట్‌వాచ్ తీసి నాయిన చేతికి కట్టాను. వాచీలు ఈ పని కొంతవరకు చేస్తాయి. అమెరికాలో 4.19 లక్షల మంది ఆపిల్ వాచీలతో చేసిన అధ్యయనంలో దాదాపు అర శాతం మందికి నాడి తేడా ఉందని హెచ్చరిక వచ్చింది. కానీ వాచీ చెప్పేది అనుమానమే, తేల్చేది ఈసీజీయే. నాయిన రెండు రోజులు పెట్టుకుని తీసి గూట్లో పెట్టాడు. "దీనికి ఛార్జింగ్ ఎవలు పెడ్తరు? నాకు మోటర్‌కే కరెంటు లేదు" అన్నాడు.

సిస్టర్ దగ్గర వేరే ఉపాయం ఉంది. "మీ ఊరి ఏఎన్‌ఎం నంబర్ ఇయ్యి."

గురువారం పొద్దున

ఊళ్ళో సబ్‌సెంటర్ ఉంది. ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకు బీపీ, షుగర్ చూడటం ఏఎన్‌ఎం పనిలో భాగమే. సిస్టర్ ఆమెతో ఫోన్లో మాట్లాడింది. వారానికి రెండుసార్లు బీపీ చూసేటప్పుడు మణికట్టు పట్టుకుని ఒక నిమిషం మొత్తం నాడి చూడమంది. "పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే కుదరదు. పూర్తిగా అరవై సెకన్లు చూడు. తప్పితే అప్పుడే, ఆ నిమిషమే దేవరకొండ పంపు. రేపు పొద్దున అంటే మళ్ళ సర్దుకుంటది."

మూడో వారం, గురువారం పొద్దున ఏఎన్‌ఎం దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆటో ముందే మాట్లాడి పెట్టి ఉంది. నలభై నిమిషాల్లో నాయిన దేవరకొండ దవాఖానలో ఈసీజీ బల్ల మీద ఉన్నాడు. గీతల మధ్య ఎడం ఒక్కచోటా సమానంగా లేదు. సిస్టర్ ఆ కాగితం ఫొటో డాక్టర్‌కు చూపించింది. అనుమానం నిజమైంది.

ఖరీదైన మిషన్ ఏదీ పట్టుకోలేదు. మూడు వేళ్ళు పట్టుకున్నాయి. రాత్రి డ్యూటీలో ఒక సిస్టర్ వేళ్ళు, ఊళ్ళో ఒక ఏఎన్‌ఎం వేళ్ళు. మధ్యలో ఒక ఫోన్ నంబర్.

అత్త గోళీలు, నాయిన గోళీలు

గుండెకు ఎకో తీసి, కవాటాలు బాగున్నాయని చూసి, డాక్టర్ ఆస్పిరిన్ ఆపేసి పూటకొకటి చొప్పున రోజుకు రెండు కొత్త గోళీలు రాశారు.

మా మేనత్తది జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా. ఆమెకు చిన్నప్పటి కీళ్ళజ్వరంతో గుండె కవాటం దెబ్బతిని ఏళ్ళుగా వార్ఫరిన్ వాడుతోంది. విషయం తెలియగానే "అన్నా, నా గోళీలే ఏస్కో, అగ్గువ" అంది. రెండూ రక్తం గడ్డకట్టకుండా చేసేవే కదా అని నేనూ తలూపాను. సిస్టర్‌కు చెప్తే ఒక్క అరుపు అరిచింది.

వార్ఫరిన్ కథ వేరు. 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చింది, 1954లో మనుషులకు మందైంది. డోసు తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. అందుకే ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష చేస్తూ, చాలామందిలో ఆ అంకె 2కూ 3కూ మధ్య ఉండేలా డోసు సరిచేస్తుంటారు. అత్తలాగా కవాటం బాగా సన్నబడినవాళ్ళకు ఇప్పటికీ అదే మందు. కీళ్ళజ్వరం గుండెజబ్బు ఉన్నవాళ్ళ మీద మన దేశంతో సహా 24 దేశాల్లో చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. అందులో కొత్త రకం గోళీ కంటే ఈ పాత రకమే మేలని తేలింది. నాయినకు కవాటం జబ్బు లేదు కాబట్టి కొత్తవి సరిపోతాయి. ఒకరి గోళీ ఇంకొకరు వేసుకోవడానికి లేదు.

అత్తకు ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందుకు అడ్డం పడుతుందని ఎవరో చెప్తే ఏళ్ళుగా తోటకూర, పాలకూర ముట్టడమే మానేసింది. "మానొద్దమ్మా. వారానికి ఎంత తింటవో అంతే తిను. ఒక వారం బుట్టెడు, ఒక వారం సున్నా చేస్తేనే అంకె ఎగిరెగిరి పడుతది" అని సిస్టర్ చెప్పాక, ఐఎన్‌ఆర్ చూసే డాక్టర్‌కు చెప్పి మళ్ళీ కొంచెం కొంచెంగా మొదలుపెట్టింది. ఆ రోజు పప్పు తోటకూర ఫొటో మా ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టింది.

"మోకాళ్ళకు ఏం వేసుకుంటున్నవ్?"

గోళీలు మొదలయ్యాక ఫోన్లు ఆగుతాయనుకున్నాను. ఆగలేదు. పదిహేను రోజులకోసారి సిస్టర్ నాయినకే చేసేది. "గోళీలు వేసుకుంటున్నవా?" అని ఎప్పుడూ అడగదు. అలా అడిగితే అందరూ అవుననే అంటారట. "డబ్బాల ఎన్ని మిగిలినయ్, లెక్కపెట్టి చెప్పు" అంటుంది.

ఒకసారి "మోకాళ్ళ నొప్పులకు ఏం వేసుకుంటున్నవ్ పెద్దనాయినా?" అని అడిగింది. నొప్పి ఉందని నాయిన చెప్పనే లేదు. ఆ వయసులో తోట పని చేసే మనిషికి మోకాళ్ళు నొప్పి పెట్టకుండా ఎట్లుంటాయని ఆమె లెక్క. తీరా చూస్తే మెడికల్ షాపులో నొప్పి గోళీలు కొని వారం నుంచి రోజూ మింగుతున్నాడు. రక్తం పలచబడే మందుతో పాటు డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటే కడుపులో రక్తం కారే ముప్పు పెరుగుతుంది. "దొడ్డికి నల్లగ వస్తున్నదా?" అని అడిగింది. లేదు. అదే రోజు ఆపించి, డాక్టర్‌ను అడిగి పారాసిటమాల్‌కు మార్పించింది.

ఇంకోసారి డబ్బాలో ఉండాల్సిన దానికంటే పది ఎక్కువున్నాయి. "మంచిగనే ఉన్న గదా బిడ్డా, ఎందుకని ఆపిన" అన్నాడు నాయిన. ఐదు రోజులు! ఈ గోళీల పని ఒకటి రెండు రోజుల్లోనే తగ్గిపోతుంది. ఆ ఐదు రోజులు ఆయన గొడుగు లేకుండా వానలో తిరిగినట్టే. నేను రోజూ వీడియో కాల్ చేస్తూనే ఉన్నాను. "తిన్నవా నాయినా" అని అడిగాను గానీ డబ్బా చూపించమనలేదు.

"యాప్ చేయనా సిస్టర్?"

ఇంజినీర్‌ను కదా, చేయి ఊరుకోదు. "సిస్టర్, మీకొక యాప్ చేసిస్తా. పేషెంట్లకు ఆటోమేటిగ్గా మెసేజ్‌లు పోతాయి" అన్నాను. ఆమె నవ్వింది. "మెసేజ్ మీ నాయిన చదువుతడా?"

ఆమె నవ్వులో నిజముంది. మన దేశంలో 31 కేంద్రాల్లో ఒక పెద్ద అధ్యయనం చేశారు, 2023లో ఫలితాలొచ్చాయి. స్ట్రోక్ వచ్చినవాళ్ళకు 12 భాషల్లో ఎస్సెమ్మెస్‌లు, వీడియోలు, ఒక వర్క్‌బుక్ ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే మళ్ళీ స్ట్రోక్, గుండెపోటు లాంటివి రావడంలో తేడా కనిపించలేదు. మరోవైపు, నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో ఇదే గుండె దరువు జబ్బున్న 712 మంది మీద చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. నర్సులు ముందుండి చూసుకున్నవాళ్ళలో గుండెజబ్బుతో ఆస్పత్రిపాలవడం, చనిపోవడం కలిపి 14.3 శాతం. మామూలు పద్ధతిలో 20.8 శాతం. తర్వాత ఆ పద్ధతినే మరిన్ని ఆస్పత్రుల్లో పరీక్షిస్తే మొత్తం మీద అంత తేడా రాలేదు, అనుభవమున్న చోట్ల మాత్రం మేలు కనిపించింది. అంటే నర్సు అనే పోస్టు పెడితే చాలదు. ఆ పని నేర్చుకున్న నర్సు, దానికి టైం ఉన్న నర్సు కావాలి.

మా సిస్టర్‌కు ఆ టైం ఎవరూ ఇవ్వలేదు. ఈ ఫోన్లన్నీ డ్యూటీ అయ్యాక, బస్సులో, సొంత బ్యాలెన్స్‌తో చేసింది. ఆమె దగ్గర రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి ఉంది. పేరు, ఊరు, ఏ గోళీ, మళ్ళీ ఎప్పుడు ఫోన్ చేయాలి. నలభై మందికి పైనే. "యాప్ వద్దు తమ్ముడూ. దవాఖానల ఒక ఫోన్, నాతోని ఇంకొక సిస్టర్, రోజుకొక గంట ఇయ్యమను. చాలు" అంది. ఒక షీట్ మాత్రం చేసిచ్చాను. ఎవరికి ఫోన్ చేయాల్సిన రోజు దాటిందో వాళ్ళ పేరు ఎర్రగా మారుతుంది. అంతే.

మా దగ్గర ఒక మాటుంది, ఒక్క సర్వర్ పడిపోతే మొత్తం ఆగిపోయేలా దేన్నీ కట్టొద్దని. నలభై ఇళ్ళ రెండో స్ట్రోక్ ఒక్క మనిషి నోట్‌బుక్ మీద ఆగి ఉంది. ఆ మనిషి పోయిన నెల జర్మనీకి వెళ్ళిపోయింది. జర్మన్ నేర్చుకుని, పరీక్ష పాసై, మంచి జీతానికి. తప్పేముంది? ఆమెకూ పిల్లలున్నారు. వెళ్ళేముందు నోట్‌బుక్‌నూ షీట్‌నూ కొత్త సిస్టర్‌కు అప్పజెప్పింది. ఆ కొత్తమ్మాయికి ఆ గంట దొరుకుతుందో లేదో చూడాలి.

ఈ వారం మీ పని

మీ ఇంట్లో ఎవరికైనా స్ట్రోక్ వచ్చి తగ్గిందా? డిశ్చార్జ్ రోజు మూడు ప్రశ్నలు అడగండి. గుండె దరువు ఎంతసేపు చూశారు? నార్మల్ వస్తే మళ్ళీ ఎప్పుడు చూస్తారు? ఇంటికెళ్ళాక డౌట్ వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? మూడోదానికి ఒక మనిషి, ఒక నంబర్ జవాబుగా రావాలి.

స్ట్రోక్ రానివాళ్ళకూ ఒక పని ఉంది. మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా పసరు కాదు, 108. టైం చూసి గుర్తుపెట్టుకోండి. అమ్మానాన్నల నంబర్లు సైలెంట్‌లో కూడా మోగేలా ఫోన్‌లో సెట్టింగ్ ఉంటుంది. ఇది చదవడం అయిపోగానే ఆ పని చేయండి. నేను ఆలస్యంగా చేశాను.

ఇక ఊరికి పోయినప్పుడు మణికట్టు మీద, బొటనవేలి కింద మూడు వేళ్ళు పెట్టి అరవై సెకన్లు చూడండి. దరువు తప్పుతుంటే అది ఈ జబ్బే అని కాదు, ఈసీజీ తీయించాలని అర్థం. అదీ తప్పుతున్నప్పుడే.

పోయిన ఆదివారం తోటలో మంచం మీద కూర్చుని నాయిన చెయ్యి పట్టుకున్నాను. ఇరవై సెకన్లకే "ఏందిరా, ఇంకా ఇడువవా?" అన్నాడు.

"ఇంకా నలభై ఉన్నయ్ నాయినా" అన్నాను.